డచ్చి పాపకు దిష్టిచుక్క

పటాలు కట్టే పనిలో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడూ నన్ను ఒక ప్రశ్న అడుగుతుంటారు. మీరు కట్టినవాటిలో అన్నిటికంటే గొప్ప పటం ఏది అని. ఏ షేకు గారి ఇంట్లోని బంగారు అంచుల పటం గురించో, నిలువెత్తు అద్దం గురించో చెబుతానని వాళ్ళ ఆశ. నేను చెప్పేది రెండు జానల వెడల్పు కూడా లేని ఒక నలుపు తెలుపు బొమ్మ గురించి. పైగా దానికి నేను చివరికి సరైన పటం కట్టనే లేదు. విడి కాగితంగానే తిరిగి ఇచ్చాను. మరి ఇందులో మేం నేర్చుకునేదేముంది అంటారు. నాకూ సరిగ్గా తెలీదు.

అప్పుడు నేను కువైట్‌లో, అల్ రాయ్‌లో ఒక పటాల దుకాణంలో పెద్ద పనివాణ్ణి. ముందు భాగంలో అద్దాలు, ఫ్రేములు అమ్మే గది. వెనక కోత యంత్రాలున్న పెద్ద హాలు, దాని పక్కన చిన్న వంటగది. మాకు ఒకవైపు కార్ల షోరూము, ఇంకోవైపు టైల్స్ గోదాము. కోనసీమ నుంచి బొంబాయి వెళ్ళి అక్కడ పని నేర్చుకుని, అక్కడి నుంచి కువైట్ చేరినవాణ్ణి. రోజూ డైరీ రాయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అందులో గొప్ప విషయాలేమీ ఉండవు. ఆ రోజు ఏ పటం కట్టాను, కొలతలెంత, ఏ గాజు వేశాను, అంతే.

జూలై చివర్లో ఒకావిడ తనే కారు నడుపుకుంటూ వచ్చింది. ఆడపిల్లల బడిలో బొమ్మలు నేర్పే టీచరు, కువైటీ. ప్రతి వేసవికీ చల్లటి దేశాలకు వెళ్ళే మనిషే, ఆ ఏడు తల్లి మంచం పట్టడంతో ఆగిపోయింది. ఒడిలో బిడ్డను తెచ్చినట్టు ఒక పటం తెచ్చి బల్ల మీద పెట్టింది. చనిపోయిన భర్త, చదువుకునే రోజుల్లో యూరప్‌లో కొన్న బొమ్మట. వెనక వేసిన ప్లైవుడ్ చెక్కలోని ఆమ్లం కాగితానికి ఎక్కి, గోధుమరంగు మచ్చలు లేచాయి. మచ్చలు తీసి, మంచి అట్ట వేసి, కొత్తగా కట్టమంది. తొందరేమీ లేదంది. మీరు తప్ప ఇంకెవరూ ముట్టుకోవద్దు అని కూడా అంది.

అది డచ్చి వాళ్ళ దేశంలో మూడొందల ఏళ్ళ కిందట చేసిన అచ్చు బొమ్మ. రాగి రేకుకు మైనం పూసి, ఆ మైనం మీద సూదితో బొమ్మ గీసి, రేకును ఆసిడ్‌లో ముంచుతారు. గీత పడిన చోట ఆసిడ్ రాగిని తింటుంది. ఆ గాట్లలో సిరా నింపి, తడి కాగితం పరిచి గట్టిగా ఒత్తుతారు. కాగితం మీద బొమ్మ చుట్టూ రేకు అంచు దిగిన గుర్తు ఉంటుంది, కళ్ళు మూసుకుని తడిమినా వేలికి తెలుస్తుంది. ఇంతవరకు తెలిస్తే చాలు.

బొమ్మలో ఉన్నది ఒక రైతు ఇంటి వంటిల్లు. పై సగం తెరిచిన తలుపు, అందులోంచి పడే వెలుతురు. పొయ్యి మీద కుండ, దాన్ని కెలుకుతున్న ఆడమనిషి. ఆమె పక్కన తక్కువ ఎత్తు పీట మీద ఒక ముసలాయన చిప్పలోది ఊదుకుంటూ తాగుతున్నాడు. ఇంకో ఆమె ఒళ్ళో పాప, ఆ పాప మాత్రం తిండి వైపు కాకుండా తిన్నగా మనవైపు చూస్తోంది. గోడకు చేరేసిన నిచ్చెన మీద ఒక కోడి. కింద ఖాళీ గిన్నె నాకుతున్న కుక్క. పొగ అన్నది గీసింది కాదు. గీతలు మానేసి కాగితాన్ని అలా తెల్లగా వదిలేస్తే అదే పొగైంది. అంత నేర్పు.

మా దుకాణంలో గాజు కోసి తుడిచే పని కడప వైపు నుంచి వచ్చిన ఒకతనిది. నాకంటే కొన్నేళ్ళు చిన్న, నన్ను అన్నా అనేవాడు. గొర్రెల కాపరి వీసా మీద వచ్చి, వఫ్రా ఎడారిలో గొర్రెల వెంట కొన్నేళ్ళు తిరిగి, తర్వాత కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని, మార్చుకుని మా దగ్గర చేరాడు. అతను తుడిచిన గాజు మీద వేలిముద్ర కనబడడం నేనెరగను. బొమ్మను ముట్టుకోవద్దన్నాను కాబట్టి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని వంగి చూశాడు.

"ఈయమ్మ సంగటి కెలుకుతాండాది సూడన్నా," అన్నాడు.

వాళ్ళ దేశంలో రాగులుండవు, అది ఏ గంజో అయ్యుంటుందని చెప్పాను.

"గంజికి అంత పెద్ద తెడ్డు యెందుకు? బుజం సూడు యెట్ల వంగిందో. అది సంగటే."

బుధవారం సాయంత్రం బొమ్మను పటంలోంచి విప్పి, మంచినీళ్ళ తొట్టిలో తేలేశాను. పాతకాలపు గుడ్డ కాగితం, ఎండి గట్టిపడిన నూనె సిరా. నీళ్ళకు ఏమీ కాదు. మచ్చల పసుపు నెమ్మదిగా నీళ్ళలోకి దిగడం మొదలైంది. తీసి, రెండు బ్లాటింగ్ కాగితాల మధ్య పరిచి, పైన గాజు పలక బరువు పెట్టి, ఖైతాన్‌లోని మా గదికి వెళ్ళిపోయాను. డైరీలో "రేపు ఉదయం బ్లాటింగ్ మార్చాలి" అని రాసుకున్నాను.

మర్నాడు తెల్లవారుతూనే గది కిటికీ అద్దాలు వణికాయి. మొదట ఏదో విన్యాసాలన్నారు. కాసేపటికి రేడియో చెప్పింది. ఇరాక్ సైన్యం ఊళ్ళోకి వచ్చేసింది. మా యజమాని అప్పటికే వేసవికని దేశం దాటి ఉన్నాడు. గదిలో అందరూ పాస్‌పోర్టుల గురించి, బియ్యం గురించి, ఇంటికి ఫోను కలవడం గురించి మాట్లాడుకుంటుంటే, నా బుర్రలో తిరుగుతున్నది ఒక్కటే. ఆ కాగితాలు మార్చకపోతే బొమ్మకు బూజు పడుతుంది.

ఒకటి రెండు రోజులు ఓపిక పట్టాను. తర్వాత చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే కడపాయన అడ్డం వచ్చాడు.

"యాడికన్నా? రోడ్ల నిండా ట్యాంకులుండాయి."

బూజు సంగతి చెప్పాను. నాకేమైనా మతి పోయిందా అన్నట్టు కాసేపు చూశాడు. తర్వాత తన చెప్పులు వెతుక్కున్నాడు. "బూజు బడితే ఆయమ్మకు యేం జెప్తావులే, పద," అన్నాడు.

ఆ నడక నాకు ఇప్పటికీ నిజంగా నడిచినట్టు అనిపించదు. ఎండకు తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. దూరంగా పొగ, దాని కింద రోడ్డు నీళ్ళలా మెరుస్తూ ఊగుతోంది. కార్లు లేవు, మనుషులు లేరు. సిగ్నల్ దీపాలు మాత్రం ఎవరూ చూడకపోయినా ఎర్రగా, పచ్చగా మారుతూనే ఉన్నాయి. ఒకచోట ఎర్రదీపం చూసి మేమిద్దరం ఆగిపోయాం. పచ్చబడ్డాక దాటాం. దాటాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం గానీ నవ్వు రాలేదు.

దుకాణం తాళం తీస్తే లోపల ఏసీ బుధవారం వదిలినట్టే నడుస్తోంది. గాజు పలక ఎత్తాను. కాగితం కొద్దిగా చెమ్మగా, హాయిగా ఉంది. మచ్చలు దాదాపు పోయాయి. ముసలాయన ఇంకా ఊదుకుంటూనే ఉన్నాడు. బ్లాటింగ్ మార్చి, పలక మళ్ళీ పెట్టి, నేల మీద కూర్చున్నాను. ఇక తిరిగి ఖైతాన్ వెళ్ళబుద్ధి కాలేదు. అక్కడే ఉండిపోయాం.

ఆరిన బొమ్మను ఎక్కడ ఉంచాలన్నది పెద్ద సమస్య. బీరువాలో పెడితే సైనికులు బీరువాలు పగలగొడుతున్నారు. సొరుగులో పెట్టి తాళం వేస్తే, తాళం ఉన్నచోటే వెతుకుతారు. చివరికి ఉన్నవాటిలో చవకబారు నల్ల కర్ర ఫ్రేము తీసుకుని, కాగితం గాజుకు తగలకుండా మందం అట్ట వేసి, వంటగదిలో గ్యాసు పొయ్యి పక్కన, గరిటెలు తగిలించే మేకుల వరసలో తగిలించాను. పాత క్యాలెండర్ ముక్కనో ఏదో అనుకుని ఎవరూ పట్టించుకోరని లెక్క. వంటగది బొమ్మ వంటగదిలో కలిసిపోయింది.

తర్వాతి వారాల డైరీ చూస్తే చాలా పేజీల్లో ఒక్కటే మాట ఉంది. "పని లేదు. బొమ్మ చూశాం."

నిజంగా అంతే చేశాం. యంత్రాలు ఆగిపోయిన హాల్లో వెలుతురు ఒక గోడ నుంచి ఇంకో గోడకు జరిగేది. మధ్యాహ్నాలు నిద్రా కాదు, మెలకువా కాదు. అలా పడుకుని ఆ సగం తలుపు వైపు చూస్తుంటే, దాని అవతల ఏముందో కూడా కనబడుతున్నట్టుండేది. బొమ్మలో వేళ ఎంతై ఉంటుందన్న దాని మీద మాకు ఒక వారం వాదన. వెలుతురు పడిన తీరు చూసి పొద్దున అన్నాను నేను. కోడి నిచ్చెన ఎక్కిందంటే పొద్దు గూకుతున్నట్టేనన్నాడు అతను. మరి వీళ్ళ గొర్రెలేవి అంటే, ఆ తలుపు వెనకాలే ఉంటాయన్నాడు. ఒకరోజు కళ్ళు మూసుకుని ఉంటే సంగటి కెలికే చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఉలిక్కిపడి లేచి చూస్తే, కడపాయన ఇంటి నుంచి తెచ్చుకున్న రాగిపిండి డబ్బా విప్పి, పొయ్యి ముందు నిజంగానే కెలుకుతున్నాడు. బొమ్మలో ఆమెకూ ఇతనికీ భుజం ఒకేలా వంగింది.

తినే ముందు అతను ఒక చిన్న ముద్ద చేసి, పళ్ళెంలో పెట్టి బొమ్మ కింద ఉంచేవాడు. "బిడ్డ సూస్తాంటే మనం తినగూడదన్నా, దిష్టి తగుల్తాది," అనేవాడు. చీమలు వస్తాయని నేను తర్వాత తీసేసేవాణ్ణి. అది అతనికి తెలుసు.

సైనికులు వచ్చేవారు. మొదట నిలువుటద్దాలు పట్టుకుపోయారు. లారీ నిండా అద్దాలు నిలబెట్టి తోలుకుపోతుంటే, ఆకాశమూ ఖర్జూరం చెట్లూ ముక్కలు ముక్కలుగా లారీ ఎక్కి వెళ్ళిపోతున్నట్టుంది. తర్వాత బంగారు రంగు ఫ్రేములు. ఫ్రేముల్లో ఉన్న బొమ్మలను మాత్రం నేల మీద వదిలేసేవారు. కూడలిలో కాపలా ఉన్న కుర్ర సైనికులు మంచినీళ్ళకనీ, టీకనీ వంటగదిలోకి వచ్చేవారు. అక్కడే నా లెక్క తప్పింది. గ్లాసు పట్టుకుని నిలబడితే కళ్ళు ఎటు పోతాయి? గోడ మీదికే. వాళ్ళూ పల్లెటూళ్ళ పిల్లలే. ముసలాయన్ను చూసి మా తాతలా ఉన్నాడని ఒకడు, పాపను చూసి బాగుందని ఒకడు. తీసుకుపోవాలనే ఉద్దేశం కాదు. ఊరికే చూసి, నిట్టూర్చి, వెళ్ళిపోయేవారు. వాళ్ళు వెళ్ళిన ప్రతిసారీ కడపాయన ముఖం ముడుచుకునేది.

ఒకరోజు పొద్దున టీ తాగుతూ బొమ్మ వైపు చూశాను. పాప చెంప మీద నల్లటి చుక్క ఉంది.

మొదట ఈగ అనుకున్నాను. దగ్గరికి వెళ్ళాను. చుక్క గాజు మీద లేదు, లోపల ఉంది. పటం దించి భూతద్దం తెచ్చుకున్నాను. కొబ్బరినూనె దీపం మీద పళ్ళెం బోర్లించి పట్టిన మసి. ఆ మసిని అదే నూనెతో రంగరించి, చీపురుపుల్ల మొనతో పెట్టిన చుక్క. చుట్టూ కాగితంలోకి నూనె ఇంకి, సన్నటి వలయంలా తేలింది. పటం వెనక్కి తిప్పితే మేకులన్నీ వరసగా, అంచు కాగితం ముడత లేకుండా అంటించి ఉంది. నేను నేర్పిన పద్ధతి ఒక్కటీ తప్పలేదు.

"ఇదేం పని చేసావయ్యా నువ్వు?"

"సుక్క పెట్టినా అన్నా. చేతులు కడుక్కోనే తీసినా."

"ఎందుకు పెట్టావు?"

"వచ్చినోడల్లా బిడ్డను సూసి పోతాండాడు. ఒక్కడన్నా మాషాల్లా అన్యాడా?"

అది వఫ్రాలో నేర్చిన పాఠం. అక్కడ ఎవరైనా మాషాల్లా అనకుండా గొర్రెను బాగుందంటే కఫీల్ వాణ్ణి అక్కడికక్కడే ఆపి, ఆ మాట అనిపించి గానీ కదలనిచ్చేవాడు కాదట. అంటే అది దేవుడిచ్చింది, నా కన్ను దాని మీద లేదు అని చెప్పినట్టు. వీళ్ళు ఆ మాట అనకుండా చూస్తున్నారు. మన పద్ధతిలో ఉన్న రక్ష మనం పెట్టుకోవాలి కదా అన్నాడు.

"అది బొమ్మయ్యా బాబూ. మూడొందల ఏళ్ళ కాగితం. నూనె మరక జన్మలో పోదు. ఆవిడకేం చెప్పమంటావు?"

అతను బొమ్మ వైపే చూస్తూ, "మూడొందల యేండ్లు బిడ్డకు యెవరూ సుక్క పెట్టలేదా?" అన్నాడు. ఆశ్చర్యంగానే అడిగాడు, నన్ను ఎద్దేవా చేయడానికి కాదు.

కొన్నాళ్ళు అతనితో పని మాటలు తప్ప మాట్లాడలేదు. సుద్దపొడి చల్లి, అద్ది, నూనె వలయాన్ని కొంత లాగగలిగాను. మసి మాత్రం అంగుళమంత కూడా, కాదు, వెంట్రుకంత కూడా కదల్లేదు. అచ్చు సిరా కూడా మసితో చేసేదే. ఎక్కువ రుద్దితే పాప ముఖమే పోతుంది. ఆవిడ ఒక్కటే అడిగింది నన్ను. ఇంకెవరూ ముట్టుకోవద్దని. రోజూ మనసులో అరబ్బీ వాక్యాలు కూర్చుకునేవాణ్ణి. ఏది కూర్చినా చివర్లో ఆ చుక్క దగ్గరికే వచ్చి ఆగేది.

ఆ ఆలోచనల్లో ఉండగానే ఒక ఉదయం ఒక అధికారి వచ్చాడు. వెనక ఖాళీ లారీ, దింపడానికీ ఎక్కించడానికీ సైనికులు. సన్నటి మనిషి, కళ్ళజోడు, తొందరలేని నడక. హాల్లో మిగిలిన పటాలను ఒక్కొక్కటే తీసి వెనక్కి తిప్పి చూస్తున్నాడు. తెలియనివాళ్ళు పటాన్ని ముందు నుంచి చూస్తారు. తెలిసినవాళ్ళు వెనక చూస్తారు.

దుమ్ము చేతులు కడుక్కోవడానికి వంటగదిలోకి వచ్చాడు. నీళ్ళు పడుతుండగా తల తిప్పాడు. కుళాయి కట్టేసి, చేతులు జేబురుమాలుతో శుభ్రంగా తుడుచుకుని, పటం దించాడు. బల్ల మీద ఉన్న నా కత్తితోనే వెనక మేకులు లేపాడు. కాగితాన్ని అంచులు పట్టుకుని పైకెత్తి, కిటికీ వెలుతురుకు అడ్డంగా పెట్టి, కాగితం చేసినవాళ్ళు లోపల వేసే నీటిగుర్తు చూశాడు. నాకంటే పద్ధతిగా పట్టుకున్నాడు.

"ఇది ఎవరిది?" అన్నాడు.

"ఒక టీచరుది. మచ్చలు తీయమని ఇచ్చింది," అన్నాను.

తల ఊపాడు. భుజానికున్న తోలుసంచి తెరిచి, బొమ్మను లోపల పెట్టుకోవడానికి అట్ట కోసం చూశాడు. నేనే అట్ట ముక్క అందించాను. తీసుకుపోయేవాడు నలపకుండా తీసుకుపోతే అదే చాలనుకునే స్థితికి వచ్చాను. అప్పుడు అతను చేతిభూతద్దం తీసి పాప ముఖం మీద పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

"ఇదేమిటి? ఇది అచ్చులో లేదు."

పనిలో ప్రమాదవశాత్తూ పడిందని చెప్పబోయాను. ఈలోగా కడపాయన ముందుకు వచ్చాడు. అతనికి వచ్చిన అరబ్బీ గొర్రెలకు చాలినంతే. తన కన్ను చూపించి, "ఐన్" అన్నాడు. పాపను చూపించి, మళ్ళీ "ఐన్" అన్నాడు. అక్కడ దిష్టికీ కంటికీ ఒకటే మాట.

అధికారి భూతద్దం దించాడు. "ఎవరి కన్ను?" అని అడిగాడు.

కడపాయన ఆలోచించలేదు. వేలెత్తి అధికారిని చూపించాడు. గుమ్మంలో నిలబడ్డ సైనికుడు తుపాకీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. కడపాయనకే ఏం తోచిందో, ఒక్కడినే చూపిస్తే మర్యాద కాదనుకున్నాడేమో, అదే వేలుతో గుమ్మంలోని సైనికుణ్ణి, నన్ను, చివరికి తన గుండెను కూడా చూపించుకున్నాడు.

అధికారి బొమ్మను బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. పాప వైపు చూశాడు. పాప ఎప్పట్లాగే తిన్నగా చూస్తోంది.

"మాషాల్లా," అన్నాడు, నెమ్మదిగా.

సంచి మూసి బయటికి వెళ్ళాడు. మిగిలినవన్నీ లారీ ఎక్కాయి. కోత యంత్రాలు, కర్ర బద్దలు, గాజు పలకలు, చివరికి నేను బొమ్మను తేలేసిన తొట్టి కూడా. హాల్లో మా గొంతులు మాకే ప్రతిధ్వనించేటంత ఖాళీ. వంటగది బల్ల మీద బొమ్మ మాత్రం ఉంది.

ఎందుకు వదిలాడన్న దాని మీద మా ఇద్దరికీ ఏకాభిప్రాయం ఎన్నడూ కుదరలేదు. నూనె మరక పడిన అచ్చుకు వెల ఉండదు, తెలిసినవాడు కాబట్టే వదిలాడు అన్నది నా లెక్క. "మాషాల్లా అన్యాడు గదన్నా, ఇంగేం గావాల?" అన్నది అతని లెక్క. బస్సులో బస్రా, బాగ్దాద్ దాటి, సరిహద్దు ఎడారిలో డేరాల కింద పడిగాపులు పడి, అమ్మాన్ నుంచి విమానంలో బొంబాయి చేరేదాకా ఈ వాదన నడిచింది. అతను కడప బండి ఎక్కేటప్పుడు కూడా కిటికీలోంచి అదే మాట అన్నాడు. తర్వాత అతను మళ్ళీ కువైట్ రాలేదు. నేను యుద్ధం ముగిశాక తిరిగి వెళ్ళాను. టీచరుగారి ఇల్లు వెతుక్కుంటూ పోతే అందులో వేరేవాళ్ళున్నారు. ఆమె ఎటు వెళ్ళిందో వాళ్ళకు తెలియదు.

అందుకే ఆమెను చివరిసారి చూసిన రోజు సంగతి చివరికి దాచుకున్నాను.

మన రాయబార కార్యాలయం ఏర్పాటు చేసిన బస్సుల్లో మా ఇద్దరికీ చోటు దొరికిందని తెలిసిన మర్నాడు, వెళ్ళే ముందు బొమ్మ ఇచ్చేసి రావాలనుకున్నాం. ఫ్రేము వదిలేసి, కాగితాన్ని రెండు మెత్తని అట్టల మధ్య పెట్టి, బియ్యం సంచిలో అడుగున ఉంచి, పైన ఖుబ్జ్ రొట్టెలు పేర్చాం. నాలుగో రింగ్ రోడ్డు దాటే చోట సైనికులు సంచి విప్పారు. రొట్టెలు తీసుకుని, అట్టలు మాకు వదిలేశారు.

టీచరుగారి పేటలో ఇళ్ళన్నీ తెరలు దించుకుని నిద్రపోతున్నట్టున్నాయి. తోటల్లో నీళ్ళు పెట్టేవాళ్ళు లేక పూలమొక్కలు నిలువునా ఎండిపోయాయి. తలుపు ఆమే తీసింది. పనివాళ్ళు వెళ్ళిపోయినట్టుంది, చేతులకు పిండి ఉంది. నెలా రెండు నెలల్లోనే మనిషి చిక్కిపోయి, వేరే ఎవరో అనిపించింది. లోపలి గదిలోంచి ఆమె తల్లి దగ్గు వినబడుతోంది.

భోజనాల బల్ల మీద అట్టలు విప్పాను. ఆమె చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. మచ్చలు పోయాయని నేను చూపించబోతుండగానే ఆమె కళ్ళు పాప మీద ఆగాయి. కూర్చుకున్న అరబ్బీ వాక్యాలేవీ నోటికి రాలేదు. అందుకే జరిగింది జరిగినట్టు చెప్పాను. సైనికులు, మాషాల్లా, మసి, నూనె, అధికారి. మరక ఇక పోదని కూడా చెప్పాను.

"ఎవరు పెట్టారు?" అంది.

కడపాయన బళ్ళో పిల్లాడిలా చెయ్యెత్తాడు.

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. తిట్టడానికి మాటలు వెతుక్కుంటోందనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఒక వెండి అంచు ఫోటో ఉంది. ఇరవై ఏళ్ళు దాటీ దాటని అబ్బాయి, తెల్లటి అరబ్బు అంగీ దిష్‌దాషా, నవ్వు ఆపుకుంటున్న ముఖం. వాళ్ళబ్బాయి. రొట్టెల కోసం వరసలో నిలబడితే సైనికులు బండి ఎక్కించుకుపోయారట. అప్పటి నుంచీ ఏ కబురూ లేదు. ఎవరిని అడిగినా ఉత్తరాన ఇరాక్‌లోకి తీసుకెళ్ళి ఉంటారనడమే తప్ప, చూసినవాళ్ళు లేరు.

ఫోటోను బొమ్మ పక్కన పెట్టి, కడపాయన వైపు జరిపింది. "దీనికి కూడా పెట్టమను," అంది నాతో.

అతనికి నేను చెప్పక్కర లేకపోయింది, అర్థమైంది. ఫోటోను చూశాడు, ఆమెను చూశాడు, తల దించుకుని తెలుగులో నాతో అన్నాడు.

"అన్నా, ఇది తగలకముందు పెట్టేది. తగిలినాక పెడితే పనికి రాదు. ఆయమ్మకు జెప్పు."

"ఏమంటున్నాడు?" అంది ఆమె.

నా వృత్తిలో నేనెప్పుడూ కొలత తప్పు చెప్పలేదు. "దీపం కావాలంటున్నాడు. కొంచెం నూనె, ఒక పళ్ళెం కూడా," అన్నాను.

ఆమె పరుగులాంటి నడకతో వంటింట్లోకి వెళ్ళింది. కడపాయన నా వైపు చూశాడు. ఆమె ఆలివ్ నూనె, దూది, వెండి పళ్ళెం తెచ్చింది. అతను వత్తి చేసి వెలిగించాడు. నేను జేబులోంచి కత్తి తీసి, ఫోటో వెనక మేకులు ఒక్కొక్కటే లేపి, గాజు పక్కన పెట్టి, ఆ అబ్బాయిని బల్ల మీద పరిచాను. పళ్ళెం అడుగున మసి నెమ్మదిగా పట్టింది. అతను చేతులు కడుక్కుని వచ్చి, పుల్ల మొనకు మసి అద్దుకుని, ఫోటో మీదికి వంగి ఆగాడు.

"యే సెంపకన్నా?"

ఆ మాట ఆమెకు చెప్పాను. ఆమె ఫోటో వైపు చూడలేదు. చెయ్యెత్తి తన ఎడమ చెంపను తాకి చూపించింది.